కప్పని చీర

1935 మార్చి 11, సోమవారం, పగలు పదకొండు గంటల వేళ ఎర్రగుంట మాదిగవాడకు చెందిన సిద్దిరాములు బావిలో పడి చనిపోయాడు. వయసు ముప్పై. పటేలు చెరకు తోటకు నీళ్లు తోడే తోలు మోట చినిగితే కుట్టడానికి వెళ్లాడు. కుట్టు పూర్తయింది. మోటను తిరిగి తాడుకు కడుతూ ముందుకు ఒరిగాడు. బావిలో నడుము లోతు నీళ్లున్నాయి. వాటి కింద బండ ఉంది.

ఎర్రగుంట బోధన్‌కు రెండు కోసులు. వాడలో ఇరవై రెండు ఇళ్లు. 1931లో ఆ ఇరవై రెండు ఇళ్లూ ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నాయి. వాళ్లకు మిషను పెట్టిన ఉపదేశి దేవసహాయం. మెదక్ వైపు నుంచి వచ్చినవాడు, వయసు నలభై రెండు. వాడలో అందరూ పంతులు అని పిలిచేవారు. మందిరం పక్క గదిలో భార్య ప్రమీలమ్మతో ఉండేవాడు. సిద్దిరాములును సాయంత్రం పొద్దు గుంకకముందే పూడ్చిపెట్టారు. ప్రార్థన దేవసహాయం చేశాడు.

సిద్దిరాములు వెనుక నలుగురు మిగిలారు. తల్లి లింగవ్వ, భార్య హన్మవ్వ, ఆరేళ్ల మార్త, రెండేళ్ల ఎస్తేరు. వీళ్లు కాక తమ్ముడు రాజలింగు. ఇరవై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు.

ఆ వాడలో ఇలాంటప్పుడు ఏం చేయాలో ఎవరినీ అడగనక్కర లేదు. పదకొండో నాడు మరిది వదినెకు చీర కప్పుతాడు. పెద్దలు కల్లు తాగి, సరేనంటారు. అంతటితో ఆమె అతని భార్య. అదే ఇంట్లో, అదే పొయ్యి దగ్గర, అవే పిల్లలతో ఉంటుంది. పదకొండో నాడు చీర కప్పకపోతే మరిది వద్దన్నట్టు. అప్పుడు తల్లిగారు వచ్చి ఆమెను తీసుకుపోయి ఇంకొకరికి ఇస్తారు. పిల్లలు మాత్రం తండ్రి ఇంటివాళ్లు. వాళ్లు ఆమె వెంట పోరు.

హన్మవ్వ తల్లిగారిది మాక్లూర్. ఆమె అన్న భోజన్న కబురు అంది మర్నాడు పొద్దున్నే వచ్చాడు. చెల్లెలిని పక్కకు పిలిచి, పదకొండో నాటిదాకా చూస్తానన్నాడు. చీర కప్పడానికి లింగవ్వకు అభ్యంతరం లేదు. రాజలింగు తల వంచుకుని, అవ్వ ఎట్లంటే అట్ల అన్నాడు. హన్మవ్వను ఎవరూ అడగలేదు కానీ, ఆమె రెండో రోజే దేవసహాయం గది ముందుకు వచ్చి నిలబడింది.

“పంతులూ, చీరె కప్పుడు బాప్తిస్మంల నడుస్తదా? నడువకపోతే నా పిల్లలు నాకు గారు. గదొక్కటి సెప్పు.”

దేవసహాయం చూసి చెప్తానన్నాడు. కల్లు, డప్పు, వాడ దేవతల ముందు చేసే మనువు, ఇవేవీ సంఘంలో నడవవని అతనే నాలుగేళ్లుగా చెప్తున్నాడు. పెళ్లి అంటే మందిరంలో జరగాలి. కానీ మరిదికి వదినెను ఇయ్యొచ్చా అన్న ప్రశ్న ఇంతకుముందు రాలేదు.

ఆ రోజూ మరుసటి రోజూ అతను మోషే ధర్మశాస్త్రం తిరగేశాడు. ఐదో పుస్తకంలో దొరికింది. అన్నదమ్ములు కలిసి ఉన్నప్పుడు ఒకడు కొడుకు లేకుండా చనిపోతే, అతని భార్య బయటివాడికి పోకూడదు. తమ్ముడే ఆమెను చేసుకోవాలి. ఒప్పుకోకపోతే ఊరిపెద్దల ముందు ఆమె అతని కాలి చెప్పు విప్పి, మొహం ముందు ఉమ్మాలి. సిద్దిరాములుకు కొడుకు లేడు. ఇద్దరూ ఆడపిల్లలే. దేవసహాయం ఆ మాటలు ప్రమీలమ్మకు వినిపించాడు. ఆమె చాటలో బియ్యం ఏరుతూ, పాదిరి దొరను అడిగి సదువుర్రి అన్నది.

అతను అడగలేదు. మార్చి 17, ఆదివారం, వాడంతా మందిరంలో కూర్చున్నప్పుడు చదివాడు. జనం కదలకుండా విన్నారు. చెప్పు దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఒకరిద్దరు నవ్వారు. వాడ పెద్ద ఆత్మారాం అరవై ఏళ్లవాడు, చెప్పులు కుట్టి కుట్టి చూపుడువేలు వంకర పోయినవాడు. అతను లేచి నిలబడ్డాడు.

“సెప్పు సంగతి గింత సక్కగ రాసిండంటె మోషే మన కులపోడే పంతులూ. దొరలు దాసిపెట్టిండ్రు.”

అందరూ నవ్వారు. హన్మవ్వ నవ్వలేదు కానీ, చావు తర్వాత మొదటిసారి ఎస్తేరును చంకనేసుకుని మందిరం వాకిట్లో నలుగురితో మాట్లాడుతూ నిలబడింది.

దేవసహాయం చేసిన పొరపాటు ఆ మర్నాడు జరిగింది. రాజలింగును, లింగవ్వను, ఆత్మారాంను పిలిచి, పదకొండో నాడు చీర కప్పొద్దన్నాడు. దేవుడి మాటే ఉండగా కల్లు ముంత ఎందుకని అడిగాడు. దొర రాగానే మందిరంలో పెళ్లి చేయిస్తానన్నాడు. ఆత్మారాం తలూపాడు. మార్చి 21, గురువారం, పదకొండో నాడు. ఆ రోజు ఇంట్లో ప్రార్థన జరిగింది. వచ్చినవాళ్లు జొన్నరొట్టె, పప్పు తిన్నారు. చీర కప్పలేదు.

దొర అంటే నిజామాబాదు బంగళాలో ఉండే పాదిరి. బోధన్ తాలూకా సంఘాలన్నీ ఆయన కిందివే. దేవసహాయం రాసిన ఉత్తరం చేరేసరికి ఆయన ఎండలకు కొండల మీదికి వెళ్లాడు. జవాబు ఏప్రిల్ 20న వచ్చింది. రెండు వాక్యాలు. వచ్చి మాట్లాడెదను, అంతవరకు ఏమియు చేయవద్దు.

భోజన్న ఏప్రిల్‌లో ఒకసారి, మేలో ఒకసారి వచ్చాడు. రెండోసారి ఖాళీ చేతులతో రాలేదు. మోర్తాడ్‌లో ఒక సంబంధం చూసి వచ్చాడు. పెండ్లాం చనిపోయినవాడు, ముగ్గురు పిల్లలు. పసుపు ఉడకబెట్టే కళ్లాల్లో పని. ఇంకొకరి పిల్లలను సాకలేనని ముందే చెప్పాడు. దేవసహాయం దొర వచ్చేదాకా ఆగమన్నాడు. భోజన్న చుట్ట ముట్టించుకుని, చీర కప్పే రోజు పోయి రెండు నెలలైందని, తన చెల్లె ఇప్పుడు ఏ ఇంటిదో పంతులే చెప్పాలని అడిగాడు. జూన్ మొదటి ఆదివారం వస్తానని, ఆ రోజు అటో ఇటో తేలాలని చెప్పి భోజన్న వెళ్లిపోయాడు.

దొర మే 27న దిగాడు. 29, బుధవారం, తెల్లవారకముందే దేవసహాయం, హన్మవ్వ, రాజలింగు నిజామాబాదుకు నడిచారు. లింగవ్వ పిల్లలతో ఇంటి దగ్గర ఉంది. బంగళా చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. దొర మంచినీళ్లు ఇప్పించి, హన్మవ్వను నీడలో మెట్టు మీద కూర్చోమన్నాడు. ఆయనకు పన్నెండేళ్ల నుంచి తెలుగు వచ్చు. పుస్తకాల తెలుగు. ముందు విన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి రెండు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి బైబిలు. రెండోది మిషను నిబంధనలు. పెళ్లి చేయకూడని వరసల పట్టీలో సహోదరుని భార్య ఉంది. ఆ పట్టీ మోషే మూడో పుస్తకం నుంచి తీసుకున్నది.

దేవసహాయం ఐదో పుస్తకం తెరిచి చూపించాడు. దొర అది తనకు తెలుసన్నాడు.

“అది యూదుల వంశముల కొరకును వారి భూముల కొరకును ఇయ్యబడిన కట్టడ, దేవసహాయం. వారి రాజ్యముతో అది ముగిసినది. మూడవ పుస్తకములోని మాట నీతికి సంబంధించినది. నీతి నిలుచును.”

“ఏది నీతిదో ఏది కట్టడో మోషే ఎక్కడన్నా విడదీసి రాశాడా దొరగారూ?”

దొర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“వ్రాయలేదు. సంఘము విడదీసినది. బహుకాలము క్రిందట.”

దేవసహాయం ఇంకొకటి అడిగాడు. ఏడుగురు అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు ఒకే ఆడమనిషిని చేసుకున్న సంగతి చెప్పి యూదులు సువార్తలో ప్రభువును ప్రశ్నించినప్పుడు, ఆ పెళ్లిళ్లు తప్పని ఆయన అనలేదు కదా అన్నాడు. ఒప్పు అని కూడా అనలేదని దొర చెప్పాడు. తర్వాత తనంతట తానే ఒక సంగతి చెప్పాడు. తమ దేశంలో సర్కారు కాయిదా పద్నాలుగేళ్ల క్రితం మారిందని, చనిపోయిన అన్న భార్యను తమ్ముడు చేసుకోవచ్చునని. ఇక్కడి మిషను నిబంధన ఇంకా మారలేదు. మార్చే అధికారం తనకు లేదు. జనవరిలో మిషను పెద్దసభ కూర్చుంటుంది. అక్కడ పెడతానన్నాడు. ఈలోగా వాడ పద్ధతిలో చేసుకుంటే ఇద్దరి పేర్లూ సంఘం నుంచి తీసేయాల్సి వస్తుందని, తనకు అది ఇష్టం కాదని కూడా చెప్పాడు.

హన్మవ్వ మెట్టు మీది నుంచి లేచి, కొంగు సరిచేసుకుని, దొరను కాకుండా బల్ల మీది బైబిలును చూస్తూ అడిగింది.

“సచ్చిన గొడ్డును తినొద్దన్న మాట గూడ మోషే ఐదో పుస్తకంల ఉన్నదని పంతులే సదివిండు. గా మాట మీద మేం నాలుగేండ్ల సంది మానుకున్నం. ఉపాసమున్న దినాలు గూడ ఉన్నయి. గది ఉన్నదా, పోయిందా?”

దొర దేవసహాయం వైపు చూశాడు. అది శుభ్రత నిమిత్తము పెట్టుకున్న నియమమని చెప్పాడు.

“అంటె మోషే మాట కాదా?”

దొర, ఆమె దుఃఖం తనకు అర్థమవుతున్నదన్నాడు. ముగ్గురి కోసం ప్రార్థన చేశాడు. ఎండ తగ్గేదాకా చెట్టు కింద కూర్చొని పొమ్మన్నాడు.

దేవసహాయానికి ఆ రెండు మాటలూ ఒకే పుస్తకంలో ఉన్న సంగతి తెలియనిది కాదు. వాటి మధ్య పదకొండు అధ్యాయాల దూరం ఉంది. సున్నతి మనకు లేదు, శనివారపు విశ్రాంతి మనకు లేదు, ఆ ధర్మశాస్త్రపు కాడి మన మెడ మీద లేదు అని చెప్పింది అతనే. చచ్చిన గొడ్డు కూర వద్దని చెప్పడానికి మాత్రం అదే కాడిని తెచ్చాడు. ఒక ఆదివారం ఒకటి, ఇంకో ఆదివారం ఇంకొకటి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది, అక్షరం రాని హన్మవ్వ.

తిరుగు దారిలో అతను ముందు నడిచాడు. వెనక మాటలు వినపడుతూనే ఉన్నాయి.

“పిల్లలను ఇడిసి నేను బతుక. నువ్వు సీరె కప్పు. పేరు కొట్టేస్తె కొట్టెయ్యనీ” అన్నది హన్మవ్వ.

రాజలింగు నడుస్తూనే జవాబిచ్చాడు. “పేరొక్కటే కాదు వదినె. కాగితం మీద బొటనేలు పెట్టినం. ఇరువై రెండిండ్లు నిప్పు, నీళ్లు బందు పెడ్తరు. అవ్వ ముసల్దైపోయింది. నేనెట్ల జేతు?”

ఆ కాగితం సంగతి ఇది. వాడంతా బాప్తిస్మం తీసుకున్న రోజు కులపెద్దలే సంఘపెద్దలయ్యారు. మిషను నియమాలు తప్పి పేరు పోగొట్టుకున్న ఇంటికి వాడలో ఎవరూ నిప్పు ఇవ్వరాదు, బావి దగ్గర నీళ్లు ఇవ్వరాదు, పిల్లను ఇచ్చి పుచ్చుకోరాదు అని ఒప్పందం రాసుకున్నారు. అలా రాయమని దొర చెప్పలేదు. కులం కట్టుబాటు ఎట్లా ఉంటుందో వాళ్లు అట్లా రాసుకున్నారు. రాసింది దేవసహాయం. కాగితం అతని పెట్టెలో ఉంది.

చేసుకోండి, నేను మీ వెంట నిలబడతాను అని అప్పుడు అతను వెనక్కి తిరిగి చెప్పగలిగేవాడే. చెప్పలేదు. వాడ చేరేదాకా వెనక్కి తిరగలేదు.

మరుసటి రోజు ఒక్కడే ఆత్మారాం దగ్గరికి వెళ్లాడు. ఆత్మారాం వాకిట్లో తోలు నానబెడుతున్నాడు. జనవరి దాకా ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టమని, ఈ ఒక్క ఇంటి విషయంలో చూసీ చూడనట్టు ఉండమని దేవసహాయం అడిగాడు. ఆత్మారాం చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

“నువ్వే రాసినవ్, నువ్వే బొటనేళ్లు పెట్టిచ్చినవ్. ఇప్పుడు నువ్వే తుడువుమంటున్నవ్. ఇయ్యాల హన్మి కోసం తుడిస్తె, రేపొకడు సచ్చిన గొడ్డు తెచ్చుకుంట అంటడు, ఎల్లుండొకడు కల్లు తాగుత అంటడు. నేనెవల్ని ఆపాలె పంతులూ? నువ్వు ఊరు మారి పోతవ్. నేను గీడనే సావాలె.”

దేవసహాయం, తనదే తప్పని, పదకొండో నాడు ఆపింది తనేనని అన్నాడు. ఆత్మారాం అవునన్నాడు. లేచి మళ్లీ తోలు దగ్గరికి పోయాడు.

జూన్ 2, ఆదివారం. ప్రార్థన ముగిసేసరికి భోజన్న మందిరం బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాడంతా అక్కడే ఆగింది. భోజన్న ఒక్కటే అడిగాడు. తన చెల్లెను ఇంకొకరికి ఇచ్చినాక ఎర్రగుంటవాళ్లు తమ మనిషని పంచాయతీకి రాకూడదు. నలుగురి ముందు విడిపించి ఇవ్వాలి. పూర్వమైతే దానికి కల్లు పోసి, పుల్ల విరిచి చెప్పేవారు. ఇప్పుడు కల్లు లేదు, పుల్ల లేదు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందిరంలో చదివిన చెప్పు సంగతి ఉంది గదా అన్నాడు ఒకడు. ఆత్మారాం అదే ఖాయం చేశాడు.

దేవసహాయం అడ్డుపడ్డాడు. అది యూదుల కట్టడ, ముగిసిపోయింది, దొర అదే చెప్పాడు అన్నాడు. మరి మనం విడిపించేది దేని ప్రకారమని ఆత్మారాం అడిగాడు. మిషను నిబంధనల్లో దానికి ఏమీ లేదు. దేవసహాయం పక్కకు జరిగాడు.

రాజలింగును మందిరం గోడకు ఆనుకుని నిలబడమన్నారు. హన్మవ్వ వచ్చి అతని ముందు కూర్చుంది. రెండు చేతులతో కుడికాలి చెప్పు వారు విప్పింది. చెప్పు తీసి గోడ పక్కన నేల మీద పెట్టింది. ఇక ఉమ్మాలని ఆత్మారాం గుర్తు చేశాడు.

“నేను ఉమ్మ” అన్నది హన్మవ్వ. “అద్దన్నది గాయిన గాదు.”

రాజలింగు ఏడ్చాడు. ఉమ్మకపోయినా చెల్లుతుందని ఆత్మారాం చెప్పాడు. భోజన్న ఒప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే వాళ్లు బయలుదేరారు. హన్మవ్వ రెండు చీరలు, ఒక ఇత్తడి చెంబు తీసుకుంది. మార్త తల్లి వెంట వాడ చివరిదాకా నడిచింది. అక్కడ ఆత్మారాం కోడలు చేయి పట్టుకుని వెనక్కి తెచ్చింది. ఎస్తేరు ఆ వేళకు నిద్రలో ఉంది. ప్రమీలమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, లోపలికి వచ్చి భర్తతో అన్నది:

“మోషే ఇల్లు నిలుపుమన్నడు, మీరు సదివిండ్రు. దొర అద్దన్నడు, మీరు ఇన్నరు. నడుమ గా పిల్ల పోయింది.”

దేవసహాయం అన్నం తినలేదు. సాయంత్రం పెట్టె తెరిచి ఒప్పందం కాగితం తీశాడు. చదివి మళ్లీ పెట్టాడు.

హన్మవ్వను జూన్ 20న మోర్తాడ్‌లో ఇచ్చారు. ఆ పెళ్లి మందిరంలో జరగలేదు కాబట్టి ఆమె పేరు సంఘం నుంచి తీసేశారు. రాజలింగు పేరు ఉంది. అతను చలికాలంలో చెరకు నరకడానికి బోధన్ వైపు పోయి, అక్కడే ఉండిపోయాడు. ఇంటికి రావడం తగ్గింది.

నవంబరులో పక్క పల్లె నుంచి తొమ్మిది ఇళ్లవాళ్లు బాప్తిస్మానికి పేర్లు ఇచ్చారు. వాళ్లకు నియమాలు చెప్పమని దొర రాశాడు. చచ్చిన గొడ్డు కూర దగ్గరికి వచ్చేసరికి దేవసహాయం ఐదో పుస్తకం తెరిచి, ఎప్పుడూ చదివే చోట చదివాడు. ఆత్మారాం వెనక వరసలో కూర్చుని విన్నాడు.

1936 జనవరి పెద్దసభలో దొర తన మాట ప్రకారం విషయం పెట్టాడు. చర్చకు సమయం చాలలేదు. మరుసటి సంవత్సరానికి వాయిదా వేశారు. ఆ సంగతి తెలుపుతూ దేవసహాయానికి ఉత్తరం వచ్చింది. అతను దాన్ని ఎవరికీ చదివి వినిపించలేదు.

ఏప్రిల్ 14న హన్మవ్వ ఎర్రగుంటకు వచ్చింది. ఆరు నెలల కడుపుతో ఉంది. మార్త పరుగెత్తుకు వచ్చి పట్టుకుంది. ఎస్తేరు లింగవ్వ వెనక్కి పోయి, కొంగు పట్టుకుని, వచ్చినామె ఎవరని అడిగింది. లింగవ్వ చెప్పింది. పిల్ల దగ్గరికి రాలేదు. హన్మవ్వ ఆ రాత్రి అక్కడ పడుకుని, తెల్లవారి మోర్తాడ్‌కు వెళ్లిపోయింది.